911 కరెరా ఎస్ కొంటున్నాను: ఏ ఆప్షన్లు ఉంచుకోవాలి, బేరం ఎక్కడ ఆడాలి?

ప్రశ్న: మేం అమెరికాలో, టెక్సస్‌లోని డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఎనిమిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు. నా ఉద్యోగం పక్కనే ఉన్న ప్లేనోలో. పోర్షే స్పోర్ట్స్ కారు 911 కరెరా ఎస్ నడిపి చూశాను, అదే కొనాలని నిశ్చయించుకున్నాను. కంపెనీ వెబ్‌సైట్‌లో నచ్చినవన్నీ ఎంచుకుంటూ పోతే ఆప్షన్లే 40,000 డాలర్లు దాటాయి. ఆ జాబితా దీనితో పంపుతున్నాను. పైగా డీలర్ స్టిక్కర్ ధర (కారు కిటికీ మీద అంటించే, కంపెనీ సూచించిన ధర) మీద మరో 7,500 డాలర్లు ‘మార్కెట్ సర్దుబాటు’ పేరుతో అడుగుతున్నారు. ఏ ఆప్షన్లు ఉంచుకోవాలి? ధర ఎంతవరకు తగ్గుతుంది? ఐదారేళ్లలో హైదరాబాద్ తిరిగి వెళ్లిపోతాం. అప్పుడు కారును వెంట తీసుకెళ్లవచ్చా?

సమాధానం:

మీ ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మిగతా రెండింటికీ ఆధారం అదే. ఈ కారు హైదరాబాద్ రాదు. భారత దిగుమతి నిబంధనల ప్రకారం కారుకు స్టీరింగ్ కుడివైపు ఉండాలి. అమెరికాలో అమ్మే 911కు ఎడమవైపు ఉంటుంది. దాన్ని మార్పించి తీసుకెళ్లే ఆలోచన పెట్టుకోకండి. సుంకాలు, రిజిస్ట్రేషన్ చిక్కులు లెక్కేస్తే అది కారు కొన్నదానికంటే పెద్ద పని అవుతుంది. కాబట్టి ఐదారేళ్ల తర్వాత దీన్ని ఇక్కడే అమ్మి వెళ్లాలి. అంటే ఇప్పుడు మీరు పెట్టే ప్రతి టిక్కునూ ఇద్దరి కళ్లతో చూడాలి: రోజూ నడిపే మీ కళ్లతో, మీ తర్వాత కొనబోయే మనిషి కళ్లతో.

నేను డల్లాస్ ప్రాంతంలోనే ఉంటాను. ఉద్యోగం మారక ముందు కొన్నేళ్లు ఖరీదైన కార్లమ్మే ఒక డీలర్‌షిప్‌లో ఫైనాన్స్ గదిలో పనిచేశాను. ఆ తర్వాత 911లు కొన్నాను, అమ్మాను. బల్లకు రెండు వైపులా కూర్చున్న మనిషిగా చెబుతున్నాను: ఈ కారు మీద మీకు దొరికే పెద్ద తగ్గింపు డీలర్ ఇచ్చేది కాదు, ఆప్షన్ల జాబితాలో మీరు కొట్టేసేది. డీలర్‌తో నెలరోజులు పోరాడితే నాలుగైదు వేలు తగ్గవచ్చు. మీ జాబితాలో నాలుగు గీతలు గీస్తే పాతిక వేలు తగ్గుతాయి.

ఒక పోలిక చూడండి. 2025 మోడల్‌గా ప్రకటించినప్పుడు కరెరా ఎస్ కూపే ప్రారంభ ధర 1,46,400 డాలర్లు, దానిపైనున్న కరెరా జీటీఎస్ కూపే ధర 1,64,900. రవాణా రుసుము రెండింటికీ అదనం. ఆ తర్వాత ధరలు పెరిగాయి గానీ, విషయం అర్థం కావడానికి ఈ అంకెలు చాలు. ఎస్ మీద మీ 40,000 ఆప్షన్లు వేస్తే 1,86,400 అవుతుంది. అంటే 473 హార్స్‌పవర్ ఎస్‌కు మీరు పెట్టబోతున్నది, 532 హార్స్‌పవర్ ఉన్న, కొత్త హైబ్రిడ్ ఇంజిన్ జీటీఎస్ ధరకంటే 21,500 డాలర్లు ఎక్కువ. పైగా వెనుక చక్రాల స్టీరింగ్, స్పోర్ట్ క్రోనో అనే స్పోర్ట్ డ్రైవింగ్ ప్యాకేజీ, 10 మిల్లీమీటర్లు కిందికి దించిన స్పోర్ట్ సస్పెన్షన్ జీటీఎస్‌లో ధరలోనే కలిసి వస్తాయి. ఎస్‌లో వాటికి విడిగా డబ్బు కట్టాలి.

పాత కార్ల విపణిలో ధర పలికేది మోడల్ పేరుకు, మైళ్లకు, ప్రమాదాలు లేని చరిత్రకు. ఆప్షన్లకు పలికేది తక్కువ. బంగారం అమ్మబోతే తూకానికే డబ్బిస్తారు, మజూరీ తిరిగి రాదు కదా, ఇదీ అంతే. ఏడాది తిరిగేసరికి ఆప్షన్ల మీద పెట్టిన డబ్బులో చాలా భాగం కరిగిపోతుంది. అందుకని నా మాట ఇది: ఎస్ కావాలనుకుంటే ఆప్షన్లు 12 వేల నుంచి 15 వేల డాలర్ల లోపు ఉంచండి. అంతకు మించి మనసు లాగుతుంటే టిక్కులు ఆపేసి జీటీఎస్ వైపు చూడండి. మధ్యలో ఆగిపోవడమే అన్నిటికంటే నష్టం.

ఇక మీ జాబితా. ఆప్షన్లను నేను ధరను బట్టి చూడను. ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఇది తర్వాత బిగించుకోవచ్చా, లేదా? చక్రాలు, మ్యాట్లు, డ్యాష్ కెమెరా, పెయింట్ మీద రక్షణ ఫిల్మ్ వంటివి ఎప్పుడైనా చేయించుకోవచ్చు, చాలావరకు బయట తక్కువకే అవుతాయి. సీట్లు, సస్పెన్షన్, వెనుక స్టీరింగ్, ముందు భాగం పైకి లేచే ఏర్పాటు ఫ్యాక్టరీలో పడకపోతే ఇక పడవు. డబ్బు వీటి మీద పెట్టండి.

మొట్టమొదట వెనుక సీట్లు. మీ జాబితాలో అవి లేవు! ఇప్పుడు వస్తున్న 911 కూపేల్లో మామూలుగా రెండే సీట్లు ఉంటాయి. వెనుక సీట్లు కావాలని మీరు ఎంచుకోవాలి. వాటికి అదనపు ధర లేదు. కానీ టిక్కు పెట్టకపోతే పిల్లలు కూర్చోవాల్సిన చోట ఉత్త అర మాత్రమే ఉన్న కారు వస్తుంది. ఐదేళ్లు, ఎనిమిదేళ్లు అన్నారు కాబట్టి ఇంకో మూడు నాలుగేళ్లు వాళ్లు వెనుక ఇబ్బంది లేకుండా కూర్చుంటారు. పాపకు పన్నెండు వచ్చేసరికి మోకాళ్లు ముందు సీటుకు తగులుతాయి. డీలర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పిల్లలిద్దరి కారు సీట్లనూ తీసుకెళ్లి, మీ డ్రైవింగ్ సీటును మీకు కావలసిన దూరంలో సర్దుకున్నాక వెనుక బిగించి చూడండి. ఆ పదినిమిషాల పరీక్ష చేయకుండా సంతకం చేయకండి.

ముందు సీట్లు. 18 విధాల సర్దుబాటున్న స్పోర్ట్ సీట్లు పెట్టారు, నాలుగు వేలకు పైనే అవుతాయి. వీటిలో నడుముకు, తొడలకు అటూ ఇటూ ఉండే గట్లను బిగించుకోవచ్చు, వదులు చేసుకోవచ్చు. సన్నగా ఉన్నవారికి, మలుపుల్లో వేగంగా నడిపేవారికి హాయిగా ఉంటాయి. కానీ 14 విధాల సీట్లే రోజూ ఎక్కి దిగడానికి సులువు. రెండింటిలోనూ కనీసం అరగంట కూర్చుని తేల్చుకోండి. మీ భార్య కూడా కూర్చోవాలి. ఏ సీటైనా సరే, గాలి ఆడే సీట్లు తప్పక పెట్టించండి. జులైలో ప్లేనోలో ఆరుబయట పార్కింగ్‌లో ఎనిమిది గంటలు నిలిపిన కారులో సాయంత్రం కూర్చుంటే దాని విలువ తెలుస్తుంది. మీ తర్వాత కొనే టెక్సస్ మనిషి కూడా అదే మొదట అడుగుతాడు.

ముందు భాగం పైకి లేపే ఏర్పాటుకు మూడు వేలకు అటూ ఇటూ పడుతుంది. ఉంచండి. మీట నొక్కితే ముక్కు దాదాపు 40 మిల్లీమీటర్లు లేస్తుంది. ఒకసారి చోటు గుర్తు పెట్టిస్తే జీపీఎస్ సాయంతో తర్వాత అక్కడికి రాగానే తనంతట తానే లేస్తుంది. మీ ఇంటి వాకిలి వాలు, ఆఫీసు గ్యారేజీ ర్యాంపు, పిల్లల బడి ముందు స్పీడ్ బ్రేకర్ గుర్తు పెట్టిస్తే చాలు. ముందు బంపర్ కింది పెదవి ఒకసారి గీసుకుంటే అమ్మేటప్పుడు కొనేవాడు వంగి చూసేది సరిగ్గా అక్కడే.

వెనుక చక్రాల స్టీరింగ్ మీద నాకు ప్రత్యేక అభిమానం ఉందని ఒప్పుకుంటాను. తక్కువ వేగంలో, సుమారు గంటకు 50 కిలోమీటర్ల లోపు, వెనుక చక్రాలు ముందు చక్రాలకు ఎదురు దిక్కుకు తిరుగుతాయి. ఇరుకు పార్కింగ్‌లో కారు చిన్నదైపోయినట్టు ఉంటుంది. 80 దాటాక ముందు చక్రాలు తిరిగిన వైపే తిరుగుతాయి, వరుస మారేటప్పుడు కారు నిలకడగా ఉంటుంది. ఇది ఉన్న కారు, లేని కారు వెంటవెంటనే నడిపి చూడండి. తేడా ఎవరూ వివరించనక్కర్లేదు. స్పోర్ట్ క్రోనో కూడా ఉంచండి. నిలిచిన చోటి నుంచి కారును వీలైనంత వేగంగా బయల్దేరదీసే లాంచ్ కంట్రోల్ దాంతోనే వస్తుంది. మీరు వాడినా వాడకపోయినా అది లేని ఎస్‌ను తర్వాత కొనేవాళ్లు అనుమానంగా చూస్తారు.

సిరామిక్ బ్రేకులు తీసేయండి. తొమ్మిది పది వేల డాలర్ల సంగతి. అవి గొప్ప బ్రేకులే. మామూలు ఇనుప డిస్కుల కంటే దాదాపు సగం బరువు, చక్రం నల్లబడే దుమ్ము తక్కువ, ఎంత వేడెక్కినా పట్టు వదలవు. కానీ టోల్‌వే మీద ఆఫీసుకు వెళ్లే కారు ఆ వేడికి ఎన్నడూ చేరదు. ట్రాక్ మీదికి తరచూ వెళ్లేవాళ్లలో చాలామంది కూడా ఇనుప డిస్కులే ఎంచుకుంటారు. సిరామిక్ డిస్కు దెబ్బతింటే మార్చడానికి అయ్యే ఖర్చు అలాంటిది. పసుపు రంగు కాలిపర్లు (బ్రేకు డిస్కును పట్టే బిగింపులు) చూడముచ్చటగా ఉన్నాయని పెట్టారేమో. ఆ ముచ్చటకు పదివేలు చాలా ఎక్కువ.

జాబితాకు బయటున్న ప్రత్యేక రంగు అడిగారు. అది పన్నెండు వేలు దాటుతుంది, కారు రావడమూ ఆలస్యమవుతుంది. ఆ రంగు మీకు చిన్నప్పటి నుంచి మనసులో ఉండిపోయినదైతే నేను అడ్డు చెప్పను. రంగు రోజూ కంటికి కనిపించేది, దాన్ని లెక్కలతో మాత్రమే తేల్చకూడదు. ఊరికే వేరుగా ఉండాలని అయితే మాత్రం వద్దు. గార్డ్స్ రెడ్, జెన్షియన్ బ్లూ వంటి మామూలు జాబితాలోని రంగులు అందంగానే ఉంటాయి, తొందరగా అమ్ముడుపోతాయి. నల్లరంగు మాత్రం ఇక్కడి ఎండకు, కడిగిన ప్రతిసారీ కనిపించే సన్నగీతలకు సిద్ధపడే తీసుకోవాలి.

బర్మెస్టర్ సౌండ్ వద్దు, బోస్ చాలు. కారణం సంగీతం కాదు, రోడ్డు. డల్లాస్ నార్త్ టోల్‌వే కాంక్రీటు మీద, వెనుక 305 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లతో వెళ్తుంటే లోపల వచ్చే హోరులో ఆ ఖరీదైన స్పీకర్ల సున్నితత్వం వినిపించదు.

ఆఖరున మీ చిన్న టిక్కులు: ఏసీ గాలి పలకలకు రంగు, వేరే రంగు దారంతో కుట్టు, ఎర్ర సీటు బెల్టులు, తలదిండ్ల మీద చిహ్నం, రంగు వేసిన తాళం, తోలు తొడుగుతో స్టీరింగ్ కింది గొట్టం. ఒక్కొక్కటి కొన్ని వందలే కనుక చేయి ఆగదు. కూడి చూశాను, మీ జాబితాలో ఇలాంటివే తొమ్మిది వేలు దాటాయి. అందులో ఒకటో రెండో, నిజంగా చేతికి తగిలేవి, కంటికి ఎదురుగా ఉండేవి ఉంచుకోండి. మిగతావి వారం తర్వాత మీకే గుర్తుండవు. వెనుక మోడల్ పేరు తీయించుకోవడం ఉచితమే. కానీ అమ్మేటప్పుడు ఎస్ అన్న అక్షరం ఉంటేనే మేలు.

ఇవన్నీ తేల్చుకున్నాక వెబ్‌సైట్ మీ కారుకు పి అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అక్షరాల పోర్షే కోడ్ ఇస్తుంది. బేరం అక్కడి నుంచి మొదలవుతుంది. ఆ కోడ్‌ను డల్లాస్, ఫోర్ట్‌వర్త్, ఆస్టిన్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియో, ఓక్లహోమా డీలర్లకు ఈమెయిల్‌లో పంపి ఒకటే అడగండి: అన్ని రుసుములు, పన్ను కలిపి నేను కారు తీసుకుని బయటికి వచ్చేసరికి మొత్తం ఎంత? ఫోనులో చెప్పే ధరను లెక్కలోకి తీసుకోకండి. కాగితం మీదో మెయిల్‌లోనో ఉన్నదే ధర.

స్టిక్కర్ ధర అంటే ఏమిటో స్పష్టంగా తెలుసుకోండి. కొత్త కారు కిటికీకి అంటించే ఆ కాగితం 1958 చట్టం ప్రకారం తప్పనిసరి. ఓక్లహోమా సెనేటర్ మన్రోనీ తెచ్చిన చట్టం కనుక దాన్ని మన్రోనీ స్టిక్కర్ అంటారు. దాని మీదుండేది కంపెనీ సూచించే ధర మాత్రమే. టెక్సస్‌లో కంపెనీలు నేరుగా అమ్మడానికి చట్టం ఒప్పుకోదు, అమ్మేది డీలరే. అందుకే అతను దాని కంటే ఎక్కువా అడగగలడు, తక్కువకూ ఇవ్వగలడు.

ఆ 7,500 సంగతి. 2021, 2022లో సెమీకండక్టర్ చిప్‌ల కొరతతో కార్లే దొరకనప్పుడు ఈ సర్దుబాటుకు ఒక కారణం ఉండేది. జీటీ3 వంటి తక్కువ తయారయ్యే కార్లకు ఇప్పటికీ అడుగుతారు, ఇచ్చేవాళ్లూ ఉన్నారు. కరెరా ఎస్‌కు ఇవ్వాల్సిన పని లేదు. దాని మీద 6.25 శాతం పన్ను కూడా పడుతుందని మరవకండి, 7,500 కాస్తా దాదాపు 7,970 అవుతుంది. మర్యాదగా ఒక వాక్యం చాలు: “సర్దుబాటు లేకుండా స్టిక్కర్ ధరకు మరో డీలర్ రాసిచ్చారు, మీ దగ్గరే కొనాలని ఉంది, సరిపోల్చగలరా?” ఆ రాసిచ్చిన కాగితం నిజంగా మీ దగ్గర ఉండాలి. లేనిది ఉందని చెబితే అనుభవం ఉన్న సేల్స్ మనిషి ఇట్టే పట్టేస్తాడు, ఆ తర్వాత మీ మాటకు బరువుండదు.

ఎంత తగ్గుతుందని అడిగారు. మీరు కోరినట్టు తయారు చేయించే కారుకైతే స్టిక్కర్ ధరకు ఒప్పిస్తే మంచి బేరమే, అందులోంచి కొంచెం తగ్గిస్తే మరీ మంచిది. డీలర్‌కు కంపెనీ కేటాయించే కార్లు పరిమితం కనుక అతనికి తొందర ఉండదు. తొందర ఉండేది ఆవరణలో నిలిచిపోయిన కారుతో. దాని మీద డీలర్ నెలనెలా బ్యాంకుకు వడ్డీ కడుతుంటాడు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద అంటించిన చీటీలో తయారైన నెల, ఏడాది ఉంటాయి. ఆరేడు నెలలు దాటి, మీకు నచ్చిన ఆప్షన్లకు దగ్గరగా ఉంటే అసలు బేరం అక్కడ ఆడండి. టెక్సస్ చట్టం ప్రకారం కార్ల దుకాణాలు శని, ఆదివారాల్లో ఏదో ఒక రోజు మూసి ఉండాలి. ఎక్కువమంది ఆదివారం మూస్తారు. ఆ రోజు వెళ్తే, ఆవరణ గేటు తీసి ఉన్నచోట, పక్కన ఎవరూ మాట్లాడకుండా అన్ని స్టిక్కర్లనూ తీరిగ్గా చదువుకోవచ్చు.

మన్రోనీ కాగితం పక్కనే కొన్నిసార్లు డీలర్ సొంతంగా అచ్చు వేసిన రెండో కాగితం ఉంటుంది. దాన్ని దగ్గరగా చదవండి. టైర్లలో నైట్రోజన్, తలుపు అంచులకు ప్లాస్టిక్ పట్టీ, కిటికీ అద్దం మీద నంబరు చెక్కడం, సిరామిక్ పూత, లోపలి తోలుకు రక్షణ రసాయనం. అన్నీ కలిపి రెండు మూడు వేలు దాటుతాయి. ఇవేవీ ఫ్యాక్టరీవి కావు, వేటికీ మీరు తల ఊపనక్కర్లేదు. “ముందే వేసేశాం” అంటే, “వేసినందుకు అభ్యంతరం లేదు, నేను డబ్బు కట్టను” అనండి. పెయింట్ రక్షణ ఫిల్మ్ మాత్రం నిజంగా అవసరమే, మన హైవేల మీద ఎగిరే గులకరాళ్లకు. దాన్ని బయట పేరున్న పనివాడి దగ్గర వేయించుకోండి. డీలర్ కూడా తరచుగా అలాంటివాడి చేతే వేయించి పైన లాభం కలుపుకుంటాడు.

రుసుముల్లో ‘ఇన్వెంటరీ పన్ను’ అని ఒక గీత కనిపిస్తుంది. అది డీలర్ తన సరుకు మీద కౌంటీకి కట్టుకోవాల్సిన పన్ను. విడిగా రాసి మీ నుంచి వసూలు చేయడం ఇక్కడ మామూలే, కానీ అది మీరు ప్రభుత్వానికి బాకీ ఉన్నది కాదు. మొత్తం ధరలోంచి అంత తగ్గించమని అడగండి.

ఇప్పుడు నేను పనిచేసిన గది గురించి. బేరం కుదిరిందని మీరు ఊపిరి పీల్చుకున్నాక మిమ్మల్ని తీసుకెళ్లేది అక్కడికే. బల్ల మీద ఒక తెల్ల కాగితం ఉంటుంది, నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత, నాలుగు గళ్లు. ఒకదానిలో కారు ధర, ఒకదానిలో మీ పాత కారు విలువ, ఒకదానిలో ముందు కట్టేది, ఒకదానిలో నెలసరి వాయిదా. కొనేవాడి వేలు ఏ గడి మీద ఆగుతుందో చూసి దాన్ని తగ్గిస్తారు, మరో గడిలో అంకె పెరుగుతుంది. నెల వాయిదా తగ్గిందని సంతోషపడినవారు, 60 నెలల అప్పు 84 అయిందని ఆలస్యంగా గమనించడం నేను ఎన్నోసార్లు చూశాను. అందుకే “నెలకు ఎంతలో కావాలి?” అన్న ప్రశ్నకు జవాబు చెప్పకండి. ఒక్కో గడిని విడిగా, ఒకటి పూర్తిగా తేలాకే ఇంకొకటి మాట్లాడండి.

వడ్డీలోనూ డీలర్‌కు వాటా ఉంటుంది. బ్యాంకు అతనికి చెప్పే రేటు ఒకటి, అతను మీకు చెప్పేది ఒకటి. లక్ష డాలర్ల అప్పు ఐదేళ్లకు తీసుకుంటే, 6 శాతానికీ 7 శాతానికీ మధ్య మొత్తం మీద సుమారు 2,800 డాలర్లు తేడా. ముందే మీ క్రెడిట్ యూనియన్ (సభ్యుల సహకార బ్యాంకు) దగ్గర, ఇంకో బ్యాంకు దగ్గర మంజూరు పత్రం తెచ్చుకోండి. 14 రోజుల లోపల ఎన్ని చోట్ల అడిగినా కారు అప్పు విచారణలు మీ క్రెడిట్ స్కోరులో ఒకటిగానే లెక్కకొస్తాయి. లీజు గురించి ఎవరైనా చెబితే ఒక మాట: లీజులో రేటును మనీ ఫ్యాక్టర్ అంటూ 0.0025 లాంటి చిన్న అంకెగా చూపిస్తారు. దాన్ని 2,400తో గుణిస్తే మామూలు వడ్డీ శాతం తెలుస్తుంది. ఈ అంకెకు అది 6 శాతం. టెక్సస్‌లో లీజుకు కూడా కారు పూర్తి ధర మీద పన్ను పడుతుంది కాబట్టి ఇతర రాష్ట్రాల మిత్రుల లెక్కలు మీకు సరిపోవు.

మీ పాత కారును అదే డీలర్‌కు ఇస్తే, దాని విలువ తీసేశాక మిగిలిన ధర మీదే ఇక్కడ పన్ను. అది 40,000 డాలర్ల కారనుకుందాం, 2,500 పన్ను మిగులుతుంది. కనుక బయటివాళ్లు డీలర్ కంటే 2,500కు పైగా ఎక్కువ ఇస్తేనే బయట అమ్మండి. ముందు రెండు మూడు చోట్ల రాతపూర్వకంగా ధర తీసుకుని, కొత్త కారు ధర తేలాకే పాత కారు మాట ఎత్తండి.

ఆర్డర్ పెట్టి తయారు చేయించుకుంటే అడ్వాన్సు రసీదులో మూడు విషయాలు రాయించుకోండి. మొదటిది, అడ్వాన్సు తిరిగి ఇస్తారని. రెండోది, కారు వచ్చేలోపు కంపెనీ ధర పెంచితే ఆ భారం ఎవరిదని. ప్రతి 911 జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరం జుఫెన్‌హౌసెన్ ఫ్యాక్టరీలోనే తయారవుతుంది, అమెరికాలో పోర్షేకు ఫ్యాక్టరీ లేదు. 2025 ఏప్రిల్‌లో దిగుమతి కార్ల మీద 25 శాతం అదనపు సుంకం పడింది, ఆగస్టు నుంచి ఐరోపా కార్లకు మొత్తం 15 శాతంగా మారింది. ఇలాంటివి మీ కారు ఓడలో ఉండగా కూడా జరగవచ్చు. మూడోది, కారు చేరకపోతే ఏమిటని. ఇది అతిజాగ్రత్త కాదు. 2022లో జర్మనీ ఎమ్డెన్ రేవు నుంచి అమెరికాకు సుమారు నాలుగు వేల కార్లతో బయల్దేరిన ఫెలిసిటీ ఏస్ ఓడలో మంటలు లేచాయి. అజోర్స్ దీవుల దగ్గర అది మునిగిపోయింది. అందులో పోర్షేలు వెయ్యికి పైగా ఉన్నాయి. కంపెనీ మళ్లీ తయారు చేసి ఇచ్చింది గానీ, ఎదురుచూసినవాళ్లకు నెలలు పట్టింది.

ఇంత వివరంగా ఆలోచించే ఓపిక లేకపోతే ఇంకో దారి ఉంది, మీ ఐదారేళ్ల ప్రణాళికకు అది నిజంగా బాగా సరిపోతుంది. రెండేళ్లు నడిచిన, కంపెనీ ధ్రువీకరించిన 911. మీరు కట్టబోయే ఆప్షన్ల డబ్బు మొదటి యజమాని కట్టేసి ఉంటాడు. కొత్త కారు వారంటీ నాలుగేళ్లు లేదా 50,000 మైళ్లు. ధ్రువీకరించిన కారుకు అది ముగిశాక మరో రెండేళ్లు మైళ్ల పరిమితి లేకుండా వస్తుంది. అంటే మీరు వెళ్లిపోయే కాలానికి కాస్త ముందు వరకు నిశ్చింత. ధ్రువీకరణ ఉన్నా సరే, బయటి పోర్షే నిపుణుడి చేత ఒకసారి చూపించుకోండి. ఆ రెండు మూడు వందలు దండగ కావు.

కారు తీసుకునే రోజు గురించి చెప్పి ముగిస్తాను. మార్చి నుంచి జూన్ దాకా మన దగ్గర వడగళ్ల కాలం. ఆరుబయట ఆవరణలో ఒక్క సాయంత్రం చాలు. ఈ తరం 911 పైపలకలు దాదాపు అన్నీ అల్యూమినియంవి, సొట్ట తీయడం ఉక్కు రేకు మీద తీసినంత సులువు కాదు. కారు డీలర్ దగ్గరికి వచ్చినప్పటి నుంచి మీ చేతికి వచ్చేదాకా కప్పు కింద ఉంచుతామని రాయించుకోండి. ఆ రోజు పగటిపూట వెళ్లండి. కారు కడగక ముందు ఒకసారి, కడిగి ఆరాక ఒకసారి చూడండి. బానెట్ ఎత్తున కళ్లు పెట్టి, వెలుతురు పలక మీద జారేలా పక్క నుంచి చూస్తే చిన్న సొట్టలు అలల్లా కనిపిస్తాయి. తర్వాత మీ ఆర్డర్ కాగితాన్ని, కిటికీ స్టిక్కర్‌ను పక్కపక్కన పెట్టుకుని ఒక్కో ఆప్షన్‌ను వేలితో చూపిస్తూ కారులో తాకి సరిచూడండి. సీట్ల గాలి వస్తోందా, ముక్కు లేస్తోందా, వెనుక సీట్లు ఉన్నాయా. అన్నీ సరిపోయాకే ఫైనాన్స్ గదిలోకి వెళ్లండి. అక్కడి కాగితాల్లోని మొత్తం, మీకు మెయిల్‌లో వచ్చిన మొత్తంతో డాలరు తేడా లేకుండా ఉందో లేదో చూసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.